ఆహిరి పాడిన పూట

నా సంగీతం టీచరు ఉద్యోగాన్ని నిలబెట్టింది ఏడుపు. నాది కాదు లెండి. ఏడ్చి ఉద్యోగం కాపాడుకునే రకాన్ని కాదు నేను, నోరు చేసుకునే రకాన్ని. ఏడ్చింది మా స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారు.

ఈ మధ్య మా వీధిలో కాలేజీకి వెళ్ళే పిల్ల ఒకతె వచ్చి, "అమ్మమ్మా, నాకు శాస్త్రీయ సంగీతం వినాలని ఉంది. విన్నవన్నీ మరీ పెళ్ళి సందడిలా ఉన్నాయి. కాస్త దిగులుగా, చీకటిగా ఉండేవి చెప్పవూ?" అని అడిగింది. ఆ పిల్లకి నేను చెప్పింది రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలు నాకెలా తెలిశాయో చెప్పాలంటే మాత్రం నరసరావుపేటకి, అరవయ్యో దశకం మొదటి రోజులకి వెళ్ళాలి. తొందర పనులున్నవాళ్ళు లేచి వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను.

అప్పట్లో నేను ఊళ్ళో పెద్దమనుషుల కమిటీ నడిపే ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసేదాన్ని. చేరి ఏడాది కూడా కాలేదు. మా నాన్న చిలకలూరిపేటలో మిషన్ బడి పంతులు. ఆదివారం మా క్రైస్తవుల గుడిలో కీర్తన ఎత్తుకోవడం నా పని. మా పక్క వీధిలో సన్నాయి వాయించే సాయిబు గారు ఉండేవారు. తాతల నాటి నుంచీ వాళ్ళింట్లో గుళ్ళకీ పెళ్ళిళ్ళకీ సన్నాయి వాయించడమే వృత్తి. ఆయన ఒకరోజు గుడి పక్కగా పోతూ నా గొంతు విని, "పంతులు గారూ, ఈ పిల్ల గొంతు ఊరకనే పోనీయమాకండి" అని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని సంగీతం చెప్పారు. నాన్న పోయాక, ఆ చదువే నన్ను నరసరావుపేట తెచ్చింది.

ఇక మా ప్రెసిడెంటు గారు. ఆయన మిరపకాయల షావుకారు. ఎంత తెల్లటి పంచె కట్టినా ఒంట్లోంచి మిరప ఘాటు వచ్చేది. ఆయన క్లాసులోకి అడుగు పెడితే ముందు బెంచీ పిల్లలు వరసగా తుమ్మేవాళ్ళు. ఆయన మాత్రం అది తనకు పెట్టే దండం అన్నట్టు తలాడించి వెళ్ళిపోయేవారు.

మాఘమాసంలో ఒక శనివారం పొద్దున ఆయన నేరుగా నా గదికి వచ్చారు.

"పంతులమ్మా, ఉన్నమాట చెప్తన్నా. పరీక్షలైనాక నీ సంగీతం పోస్టు తీసేద్దామంటన్నారు కమిటీలో. దాని బదులు ఇంకో కుట్టు టీచరు కావాలంట."

"ఎందుకండీ?"

"కుట్టు నేర్చుకుంటే జాకెట్టన్నా కుట్టుకుంటారు. పాట నేర్చుకుని ఏం జేసుకుంటారు, నువ్వే చెప్పు?"

ఆ కుట్టు టీచరు కమిటీలో ఉన్న ప్లీడరు గారి మరదలని స్కూల్లో గంట కొట్టే బంట్రోతుకి కూడా తెలుసు. నా సంగతేమో, ఉద్యోగం పోతే ఈపూరులో మా అన్నయ్య ఇంటికి చేరడం తప్ప వేరే దారి లేదు. మా వదిన అప్పటికే ఒకసారి అంది, "రావమ్మా రా, గేదెల దగ్గర కూర్చుని పాడుదువు గాని, ఇంకో చెంబు పాలిస్తయ్యేమో" అని. ఆ మాట గుర్తొచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. కోపం వస్తే నాకు ఎదుట ఎవరున్నదీ కనపడదు.

"అసలు మీరు ఎప్పుడన్నా సంగీతం విన్నారా, ప్రెసిడెంటు గారూ?"

"ఎందుకు వినలా! శ్రీరామనవమి పందిట్లో విన్నా. ఒకాయన గంటసేపు ఆ... ఆ... అని తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాడు. ఈగ దూరిద్దేమోనని నాకు ఒకటే భయం. నాకు ఎక్కలా."

"నేను ఎక్కిస్తాను. ఎక్కితే పోస్టు ఉంచుతారా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. బేరం అంటే షావుకారు ముఖం వెలుగుతుంది కదా. "సరే. శనివారం శనివారం కొట్టు తెరవబోయే ముందు వస్తా. ఎక్కితే కమిటీతో నేను మాట్లాడతా. ఎక్కకపోతే మాత్రం నన్ను అనమాక" అన్నారు.

మొదటి వారం నా దగ్గరున్న మేలిమి సరుకంతా బయటికి తీశాను. హంసధ్వని, మోహన, బిలహరి రాగాలు. పిల్లలు కూడా కలిసి హుషారుగా పాడారు. అయిపోయాక ఆయన చేతులు దులుపుకుని, "పెళ్ళి భోజనానికి పిలిచినట్టుంది. వడ్డన ఎప్పుడు?" అన్నారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. రెండో వారం ఆరభి పాడితే నిద్రపోయి గురక పెట్టారు. ఆ గురక మాత్రం మంచి శ్రుతిలో పడింది.

మూడో వారానికి నాకు పౌరుషం పోయి భయం పట్టుకుంది. పాట మొదలుపెట్టకుండా సూటిగా అడిగేశాను.

"మీకసలు ఏం నచ్చుతుందో చెప్పండి."

"నాకు ఏడుపు కావాలమ్మా" అన్నారు ఆయన, మిరపకాయల్లో తాలుకాయ వద్దన్నంత మామూలుగా. "బుర్రకథలో వీరుడు చచ్చిపోయే చోటు ఉంటది చూడు, దానికోసం ఎంత దూరమైనా బండి కట్టిస్తా. నాటకానికి పోతే రాజ్యం పోయిందాకా కూర్చుంటా. రాజ్యం తిరిగొచ్చే టయానికి లేచి ఇంటికొస్తా."

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు.

"ఇంత ఇష్టమా, కళ్ళెంట మాత్రం చుక్క రాదు. పుట్టిన కాడ్నించి మిరపకాయల్లో పొర్లా. కొట్లో కూలోళ్ళు దగ్గుతా, ముక్కులు చీదుకుంటా ఉంటారు, నాకేం కాదు. కళ్ళు మొద్దుబారినయి. మా అమ్మ పోయిన్నాడు కూడా రాలా. పాడె పక్కన ఎండుకళ్ళతో నిలబడ్డా. ఊరంతా రాతిగుండెగాడన్నారు. నా గుండె ఎట్టుందో నాకు తెలుసు, చూపించేదానికి ఏముంది నా దగ్గర?"

ఆయన అలా అని లేచి కొట్టుకి వెళ్ళిపోయారు. అప్పటిదాకా ఆయనకి సంగీతం ఎక్కించాలన్నది నా ఉద్యోగం కోసం. ఆ పూట నుంచి ఆయన కోసం కూడా అయింది.

మర్నాడు ఆదివారం, గుడిలో ఆరాధన అయిపోగానే బస్సెక్కి చిలకలూరిపేట వెళ్ళాను. సాయిబు గారు అరుగు మీద కూర్చుని సన్నాయి పీకలు చెక్కుకుంటున్నారు. జరిగిందంతా విని నా మీదే విసుక్కున్నారు.

"తీపి పడనోడికి లడ్డూ మీద లడ్డూ పెట్టి, తినలేదని ఏడిస్తే ఎట్టా తల్లీ? మనిషికి ఏది రుచో అడగాల. అక్కణ్ణించి సంగీతంలోకి దోవ తియ్యాల."

"ఆయనకి ఏడుపు కావాలట గురువు గారూ."

"బేషుగ్గా ఉంది! మన దగ్గర కరువా? ముందు అతనికి తెలిసిన చీకటి వినిపించు. పున్నాగవరాళి పాడు. పాములోడు బూర మీద ఊదేది అదే, విననోడు ఎవడుంటాడు? ఇది నాకు తెలుసే అనుకుంటాడు. తర్వాత నాదనామక్రియ. ఆ తర్వాత ముఖారి. పొడుగ్గా పాడమాక. చిన్న ముక్క పాడి, ఇంకా కావాలనిపించే కాడ ఆపెయ్. ముఖారి దాకా వచ్చినోడు ఇంక వెనక్కి పోడు."

"శుభపంతువరాళి?"

"చివర్లో. అది తప్పిపోయిన మనిషిని వెతుక్కునే రాగం. ముందే పెడితే జడుసుకుంటాడు."

"మరి ఆహిరి?"

సాయిబు గారు చేతిలో పీక కింద పెట్టేశారు. "ఆహిరి భోజనమైనాకే. పొద్దున పాడితే ఆ పూట అన్నం పుట్టదు. నవ్వమాక! కుర్రతనంలో ఒక పెళ్ళిలో పొద్దున్నే వాయించా. వియ్యపురాళ్ళకి పేచీ వచ్చి వేసిన విస్తళ్ళు ఎత్తేశారు. పస్తులతో ఇంటికొచ్చా."

సంగీతం వాళ్ళల్లో ఈ మాట ఎప్పటి నుంచో ఉంది. నమ్మినా నమ్మకపోయినా ఎవరూ పరీక్షించి చూడరు.

ఆ వారం పున్నాగవరాళి కొంచెం పాడి ఆపాను. ప్రెసిడెంటు గారు బెంచీ మీద నుంచి ముందుకి వంగారు. "ఆగావేంది?" అన్నారు. "ఇవాళ్టికి ఇంతేనండీ" అన్నాను. ఆయన ముఖంలో కొసరు వేయని దుకాణం నుంచి వెళ్ళేవాడి అసంతృప్తి కనపడింది. నాకు లోపల పండగే.

నాదనామక్రియకి, "ముసురు పట్టినట్టుంది. బాగుంది గాని కారం చాల్లా" అన్నారు. తర్వాత ముఖారి పాడాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి పాడాను. "దీంట్లో ఏడుపు లేదమ్మాయ్. ఏడవకుండా ఆపుకున్నట్టుంది" అన్నారు. పుస్తకాల్లో ముఖారి గురించి రాసిందంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. నేను ఇప్పటికీ పిల్లలకి ఆ మాటే చెబుతాను.

తర్వాతి వారం వాళ్ళావిడ స్కూలుకి వచ్చింది. ఒంటినిండా నగలతో గుమ్మంలో నిలబడి, "ఏమ్మాయ్, మా ఆయనకేం నేర్పావు?" అని నిలదీసింది. "పొద్దున్నే లేచి కూర్చుని ఒకటే మూలుగుతన్నాడు. కడుపులో నొప్పేమోనని డాక్టర్ని పిలిపించా. డాక్టరు నాడి చూస్తంటే 'ఉండవయ్యా, పైస్థాయి అందట్లా' అంటాడు!" నేను సర్దిచెప్పి పంపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అలా శుభపంతువరాళి దాకా వచ్చాం. ఆ రోజు ఆయన ముఖం మబ్బుపట్టింది గానీ వాన పడలేదు. కళ్ళు తుడిచి చూసుకున్నారు, వేలు పొడిగానే ఉంది.

"రాలా. ఇంతకన్నా నల్లది లేదా?"

"ఒకటుంది. పొద్దున పాడకూడదు. ఆ పూట అన్నం పుట్టదట."

"నాకు అన్నం పుట్టకపోవడమేంది!" అని పకపకా నవ్వారు. నవ్వినా, మాట మాత్రం మనసులో పెట్టుకున్నారు. అది నాకు తర్వాత తెలిసింది.

పరీక్షల ముందు కమిటీ మీటింగు వచ్చింది. పెద్ద గది నాదే గనక మీటింగు అందులోనే పెట్టారు. పెరటి వసారాలో కమిటీ వాళ్ళకి భోజనాలు. వంటకి వచ్చినాయన పల్నాడులో నవమి పందిళ్ళన్నిటికీ వంట చేసిన బ్రాహ్మడు. పాటకచేరీల వెనక పొయ్యి ముందు కూర్చునే ఆయన రాగాలన్నీ గుర్తుపట్టేవాడు. పచ్చడి కోసం పెద్ద బాండీలో ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెట్టాడు. మిరపకాయలు ప్రెసిడెంటు గారి కొట్లో నుంచి వచ్చినవే, ఘాటుకి పేరుపడ్డ రకం.

ప్లీడరు గారు గొంతు సవరించుకుని, "సంగీతం పోస్టు రద్దు విషయం..." అని ఎత్తుకున్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ గారు ఎటు మొగ్గు ఎక్కువైతే అటు తలూపే మనిషి, అప్పుడే తలూపేసింది.

"ఆగండి" అన్నారు ప్రెసిడెంటు గారు. "శాంపిలు చూడకుండా మిరపకాయే కొనం, తియ్యం. తీసేసే సరుకేందో ఒకసారి చూద్దాం. పంతులమ్మను పిలవండి."

నేను ముఖారికి సిద్ధపడి వెళ్ళి కూర్చున్నాను. శ్రుతి కలుపుతుంటే ఆయన వేలెత్తారు. "అది కాదు. ఆ నల్లది."

గురువు గారి మాట దాటాలా? దాటకపోతే ఉద్యోగం ఉంటుందా? ఎదురుగా చూస్తే ప్లీడరు గారు గడియారం చూసుకుంటున్నారు. ప్రెసిడెంటు గారు మాత్రం డాక్టరు ముందు కూర్చున్న రోగిలా నావైపే చూస్తున్నారు. అప్పుడు నాకొకటి తట్టింది. అవి మాకు శ్రమల దినాలు, గుడ్ ఫ్రైడే ముందు ఉపవాసాలు ఉండే రోజులు. ఆ పూట నాకెలాగూ అన్నం లేదు. పుట్టకపోతే పోయేది వీళ్ళందరిదీ! ఆ ధైర్యంతో కళ్ళు మూసుకుని ఆహిరి ఎత్తుకున్నాను.

రెండు వరసలు పాడానో లేదో, గుమ్మం దగ్గర అలికిడైంది. వంటాయన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! అమ్మా! పొద్దుపొద్దున్నే ఆహిరి ఏంటమ్మా! అన్నం..." అంటున్నాడు. ప్రెసిడెంటు గారు వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి ఎత్తారు. ఆ చేతికి ఊళ్ళో ఎదురు లేదు. వంటాయన నోరు మూసుకుని గుమ్మానికి ఆనుకున్నాడు. ఆనుకున్నవాడు వెనక్కి వెళ్ళొచ్చు కదా? వెళ్ళలేదు. వినడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని గరిటెతో తాళం కూడా వేస్తున్నాడు.

పెరట్లో బాండీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ముందు హెడ్‌మిస్ట్రెస్ గారు తుమ్మింది. తర్వాత ప్లీడరు గారు. ఆ తర్వాత కోర పొగ కిటికీలోంచి గదినిండా కమ్ముకుంది. మిరపకాయలు మాడిన కోర ఎలా ఉంటుందో పల్నాడు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మెంబర్లు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, కండువాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూ వాకిట్లోకి పరుగెత్తారు. వంటాయన "అయ్యో నా బాండీ!" అని అరుస్తూ పెరట్లోకి పడ్డాడు. నాకు గొంతులో నిప్పు పడింది. పాట ఆగింది.

"ఆపమాకమ్మా" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆయన కదల్లేదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, చీదుకుంటూ, అందినంత పాడాను. నా జన్మలో అంత అధ్వాన్నంగా ఎప్పుడూ పాడలేదు. కానీ ఆహిరి ఆహిరే. కళ్ళు తెరిచి చూస్తే, ఆ పొగలో, బెంచీ మీద నిటారుగా కూర్చున్న మనిషి చెంపల మీదుగా నీళ్ళు ధారలు కట్టి జారుతున్నాయి. తుడుచుకోలేదు. వేలితో తాకి, వేలు చూసుకున్నారు.

ఇద్దరం వాకిట్లోకి వచ్చేసరికి కమిటీ అంతా కళ్ళు నులుముకుంటూ నిలబడి ఉంది. ప్లీడరు గారు ప్రెసిడెంటు గారి ముఖం చూసి, "ఆఖరికి ఘాటు మిమ్మల్నీ వదల్లేదండీ!" అని నవ్వారు.

ప్రెసిడెంటు గారు ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డారు.

"ప్లీడరు గారూ, మా కొట్టుకి వచ్చి గుమ్మంలో నుంచే ఎన్నిసార్లు పారిపోయారో గుర్తుందా? నా కంట్లో ఎప్పుడన్నా చుక్క చూశారా? మా అమ్మ పాడె కాడ మీరూ ఉన్నారుగా. చూశారా?"

ప్లీడరు గారు నవ్వు ఆపి కండువా సర్దుకున్నారు.

"ఇది మిరపకాయ చేసిన పని కాదు. సంగీతం పోస్టు ఉండిద్ది. రాసుకోండి. కుట్టు టీచరుకి వేరే పోస్టు అడుగుదాం, జాకెట్లు కూడా కావాలిగా."

హెడ్‌మిస్ట్రెస్ గారు ఠక్కున తలూపింది, ఈసారి ఇటు. ఈలోగా వంటాయన పెరట్లో నుంచి వచ్చాడు. అన్నం అడుగంటింది, పప్పు మాడింది, పచ్చడి బొగ్గయింది. ఆయన ముఖంలో బాధ లేదు సరికదా, గెలిచిన కళ వచ్చింది. "నే చెబుతూనే ఉన్నా, ఆహిరి పాడాక అన్నం పుట్టదని! విన్నారా?" అని అందరినీ ఒక్కొక్కరినే అడిగాడు. పొయ్యి వదిలేసి వచ్చింది ఎవరయ్యా అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. అంతా తలా రెండు అరటిపళ్ళు తిని ఇళ్ళకి పోయారు.

వెళ్ళబోతూ ప్రెసిడెంటు గారు నా దగ్గర ఆగారు.

"ఇయ్యి మా అమ్మకి ఇవ్వాల్సినయమ్మా. చానా ఆలస్యమైనయి" అన్నారు.

ఆయన వెళ్ళాక గదిలోకి పోయి, ఘాటు వంక పెట్టుకుని తనివితీరా ఏడ్చాను.

ఆదివారం సాయిబు గారికి చెప్పడానికి భయపడుతూనే వెళ్ళాను. "పొద్దున పాడావా?" అని కళ్ళెర్రజేశారు. "అన్నం పుట్టిందా?"

"లేదండీ. అందరూ పస్తే."

"చెప్పలా! మరి ఉద్యోగం?"

"ఉంది."

ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "పోనీలే. ఒక పూట కూడు పోయినా బతుకంతా కూడు దొరికింది నీకు. ఇంకెప్పుడూ పొద్దున పాడమాక" అన్నారు.

అందుకే మా వీధి పిల్లకి రెండు ముక్కలే చెప్పాను. నీకు తెలిసిన దిగులుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా నల్లటి వాటిలోకి వెళ్ళు, ఒకటి. ఆహిరి మాత్రం భోజనమయ్యాక విను, రెండు. ఆ పిల్ల నవ్వింది. నవ్వనీ.

ఆ మీటింగు తర్వాతి శనివారం పొద్దున ప్రెసిడెంటు గారు రాలేదు. కొట్టు తెరిచే వేళ దాటింది, ఒంటిపూట బడి వదిలారు, పిల్లలూ వెళ్ళిపోయారు. ఏడుపు తీరింది కదా, ఇంక సంగీతంతో పనేముందిలే అనుకుని తాళం చెవి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నాకు తుమ్మొచ్చింది. తలెత్తి చూస్తే ఆయన గుమ్మంలో ఉన్నారు. నోటినిండా తాంబూలం, చేతిలో కండువా. బెంచీ దులుపుకుని కూర్చున్నారు.

"అన్నం తినొచ్చానమ్మా. ఇంక పాడు."